ముప్పై సెంటీమీటర్ల గీత

ఆ ఏడు చేపల సీజను అయిదు నెలలు. అందులో నాలుగు నెలల పైచిలుకు నేను ఒక మనిషిని ఏడిపించడం కోసమే పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, ఆఫీసుకి వెళ్లాను. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది గానీ, అప్పట్లో ఆ పని మీద వెళ్తుంటే కాళ్లు నేలమీద ఆనేవి కావు.

మా ఆఫీసంటే రిజర్వాయరు గేటు పక్కన రెండు గదులు, లోపలిది సూపరింటెండెంటు గారిది, బయటిది నాది. ఒక అద్దం, అద్దంలో అరచెయ్యి పట్టే కన్నం, కన్నానికి ఇవతల నేను. నా ముందు రెండు రబ్బరు స్టాంపులు, పసుపు ఫారాల కట్ట, ఎవరూ ఎత్తుకుపోకుండా తాడుతో బల్లకి కట్టేసిన పెన్ను. సరదాకి గాలం వేసుకునేవాళ్లకి లైసెన్సులిచ్చే చోటు అది. వలలు వేసి చేపలమ్ముకునేవాళ్లతో మాకు సంబంధం లేదు. ఆదివారం పూట ఒక కర్ర, ఒక డబ్బాడు ఎర పట్టుకొచ్చి, గట్టు మీద కూర్చుని ఇంటి గొడవలు మర్చిపోయేవాళ్లే మా జనం. నేను అక్కడ రెండేళ్లుగా టెంపరరీ గుమాస్తాని. ఆ సీజను ముగిసేలోగా పర్మనెంటు చేయిస్తానని మా సూపరింటెండెంటు గారు మాటిచ్చారు.

నాన్న లేతు మిషను మీద ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కని అవతల పారేసి మళ్లీ మొదలుపెట్టే రకం. అమ్మ పోయాక ఆయన్ని మంచం మీంచి లేపింది నేను కాదు, ఆ రిజర్వాయరే. సీజను తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా ఒక్క ఆదివారం మానేవాడు కాదు. మిగతా ఆరు రోజులూ ఆ ఒక్క రోజుకోసం తీగ చిక్కులు తీస్తూ, కొక్కేలు ఆకురాయితో పదును పెడుతూ గడిపేవాడు.

చేపని కొలవడానికి సొంతంగా ఒక చెక్క చేసుకున్నాడు. మూరెడు పలక. ఒక చివర చేప మూతి ఆనించడానికి నిలువుగా ఒక అడ్డచెక్క. అక్కణ్నుంచి సరిగ్గా ముప్పై సెంటీమీటర్ల దగ్గర ఎర్రరంగు నింపిన గీత. అంతే, ఇంకో అంకె లేదు, ఇంకో గీత లేదు. మా దగ్గర నియమం అదే మరి. ముప్పైకి తగ్గితే అది పిల్ల చేప కింద లెక్క, కొక్కెం తీసి బతికుండగానే నీళ్లలో వదిలెయ్యాలి. మూతి అడ్డచెక్కకి ఆనించి, తోక చీలికలు రెండూ దగ్గరికి నొక్కితే ఆ కొస ఎర్రగీతని తాకాలి. తాకితే సంచిలోకి, తాకకపోతే నీళ్లలోకి. ఆ పని చేస్తున్నంతసేపూ నాన్న ఊపిరి కూడా బిగబట్టేవాడు.

సీజను తెరవడానికి ముందు వారం నేను ఇల్లంతా దులిపాను. నాన్న సరంజామా దించి, తుడిచి, తుప్పుపట్టిన ఎరల డబ్బా మార్చి, ఊడిన అడ్డచెక్క బిగించి, సంచికి కొత్త పట్టీ కుట్టించి, పెళ్లికొడుకుని ముస్తాబు చేసినట్టు చేసి గోడకి తగిలించాను. నాన్న చూసి మురిసిపోయాడు. ఈసారి నా చేతి చలవతో సంచి నిండిపోతుందన్నాడు.

మొదటి ఆదివారం మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని గట్టు దిగుతున్నాను. కింద నాన్న ముందు గార్డు నిలబడి ఉన్నాడు. ఆ ఏడే మా గేటుకి వేశారతన్ని. చొక్కా జేబులోంచి ఎప్పుడూ ఒక ఇనప స్కేలు బయటికి కనపడుతుండేది కాబట్టి వచ్చిన మూడోరోజుకే జనం అతనికి కొలబద్ద అని పేరు పెట్టేశారు. నవ్వితే తనకి తనే జరిమానా వేసుకోవాలన్నట్టుండేది మొహం.

అతను నాన్న సంచిలోంచి ఒక బంగారుతీగ చేప తీసి స్కేలు పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. నాన్న ధీమాగా తన చెక్క అందించాడు. చేపని దాని మీద పెడితే తోక కొస ఎర్రగీతకి అతికినట్టు తాకింది. నాన్న చుట్టూ ఉన్నవాళ్లని చూసి నవ్వాడు కూడా. అప్పుడు కొలబద్ద స్కేలుని ఆ చెక్క మీదే పెట్టాడు. చెక్క తిరగేశాడు, చివర బొటనవేలుతో తడిమాడు, ఏదో అడిగాడు. నాన్న వంగి చాలాసేపు చూసి ఏదో జవాబిచ్చాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబనుకుంటా. కొలబద్ద ఒకసారి తలెత్తి గట్టు మీదున్న నావైపు చూసి, పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

నేను కిందికి చేరేసరికి ఇరవైమంది మూగారు. అందరూ నాన్నతో ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నవాళ్లే. వాళ్లలో ఎవడో, ముప్పై నాలుగేళ్లు లేతు పట్టిన చెయ్యి సెంటీమీటరున్నర మింగేసిందిరోయ్ అన్నాడు. నవ్వారు. నాన్న తలొంచుకుని సంతకం పెడుతున్నాడు.

ఏమైంది నాన్నా అనడిగాను. కొలత తప్పింది, ఇంటికి పద అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కొలబద్ద వైపు తిరిగి, "ఆయన లేతు పనివాడండీ. ఆయన కొలత తప్పదు," అన్నాను.

అతను స్కేలు నాముందుకి చాపాడు. "చేప ఇక్కడే ఉందమ్మా. మీరే కొలిచి చూడండి."

నేను ముట్టుకోలేదు. నలుగురిలో ఆ స్కేలుతో నా చెంప మీద కొట్టినట్టనిపించింది.

మర్నాడు ఆ కాగితం టైపు చేయాల్సింది ఎవరు? నేనే. గేటు దగ్గరి గాజుపెట్టెలో అంటించాల్సింది ఎవరు? నేనే. తప్పుడు కొలచెక్క వాడి, నియమిత పొడవు లేని చేపను ఉంచుకున్నందుకు లైసెన్సు ఏడాదిపాటు రద్దు. కింద నాన్న ఫోటో. కాగితం కూడా ఏడాదిపాటు అక్కడే ఉండాలి, అది ముప్పై ఒకటో నియమం. తప్పుడు అనే మాట దగ్గర నా వేళ్లు రెండుసార్లు ఆగాయి.

నాన్న ఆ చెక్కని పాత తువాలులో చుట్టి బీరువా మీద పడేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆదివారాలొచ్చాయి, పోయాయి. కొట్టుకి కూడా వెళ్లడం మానేశాడు, ఎందుకంటే వీధిలో ఆయన పేరు ఒకటిన్నర అయిపోయింది. గడ్డం పెరిగింది. తింటే తిన్నాడు, లేకపోతే లేదు. నేను కొలబద్దని తిట్టిపోస్తుంటే మాత్రం, తప్పు నాదే, వదిలెయ్యవే అనేవాడు. నోట్లో నాలుక లేని మనిషి, అందుకే అందరికీ లోకువ అనుకున్నాను. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే అమ్మ వెనకే వెళ్లిపోతాడని నాకు భయం పట్టుకుంది. ఆ భయమంతా కోపంగా మారింది. అతనికి మూడు చెరువుల నీళ్లు తాగించకపోతే నేను మా నాన్న కూతుర్నే కాదనుకున్నాను. మూడు చెరువులు లేకపోతేనేం, రిజర్వాయరు ఎదురుగానే ఉంది.

మా నిబంధనల పుస్తకంలో అరవై రెండు నియమాలు. మధ్యాహ్నం క్యారేజీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ బట్టీ పట్టాను. పద్నాలుగో నియమం దగ్గర కాస్త ఆగాను. లైసెన్సుదారుకు తెలియకుండా అతని కొలత సాధనాన్ని వేరొకరు మార్చి ఉంటే అతన్ని హెచ్చరించి వదిలెయ్యొచ్చు, ఆ వేరొకరు మా శాఖ ఉద్యోగి అయితే మాత్రం ఉద్యోగంలోంచి తొలగించాలి. చెక్క చేసుకున్నది నాన్నే కదా, ఇది మనకి పనికిరాదనుకుని పేజీ తిప్పేశాను.

మూడు నెలలు అతని వెంట కళ్లు వేసుకుని తిరిగాను. బ్యాడ్జి వంకరగా పెట్టుకున్నా పట్టుకుందామని చూశాను. ఎక్కడా దొరకలేదు. సోమవారం అతని సెలవు. ఆ రోజు తనూ గాలం వేసేవాడు, కానీ మెడలో లైసెన్సు, గేటు పుస్తకంలో సంతకం, ఒకే కర్ర, ఒకే కొక్కెం. అలాంటి మనిషి మీద పగపట్టడమంత విసుగు పని ఇంకోటి లేదు.

అప్పుడు తనంత తనే వచ్చి నా కౌంటరు ముందు నిలబడ్డాడు.

భార్యకి లైసెన్సు కావాలట. ఏడాది కిందట ఆవిడకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఎడమ చేతికి ఏదో ఒక పని చెప్పమన్నాడట డాక్టరు. గేటు బయట కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు చూపిస్తే చాలు, మొహం తేటపడుతోందట. అతను గాలం వేస్తుంటే కర్ర తనకిమ్మని చెయ్యి చాపుతోందట. ఇదంతా కన్నం దగ్గర వంగి, గొంతు తగ్గించి చెప్పాడు. "నీళ్ల దగ్గరైతేనే కాస్త మనిషవుతోందమ్మా," అన్నాడు.

ఎక్కడ కొడితే తగులుతుందో నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. మా ఇంట్లో మంచం మీదున్న మనిషి కూడా నీళ్ల దగ్గరైతేనే మనిషి. నా మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు. ఫారం ఇచ్చాను, నింపాడు. ఫోటో వెనక తేదీ చూసి, ఆరు నెలల లోపుది కావాలండీ, ఏడో నియమం అన్నాను. అతను చిన్న పుస్తకంలో ఏడు అని రాసుకుని వెళ్లిపోయాడు.

వారానికి కొత్త ఫోటో తెచ్చాడు. దరఖాస్తుదారు స్వయంగా వచ్చి నా ఎదురుగా సంతకం పెట్టాలన్నాను, తొమ్మిదో నియమం. ఆ మాట మొదటిరోజే చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ పై సోమవారం ఆవిడని తీసుకొచ్చాడు. మా ఆఫీసుకి మూడు మెట్లు, చక్రాల కుర్చీ ఎక్కదు. ఆవిడని రెండు చేతులమీదా ఎత్తుకుని లోపలికి వచ్చాడు. ఆవిడ నావైపు చూసి సగం మూతితో నవ్వింది. తాడు పొట్టిదై బల్ల మీది పెన్ను అందకపోతే నా పెన్నే ఇచ్చాను, అంత మర్యాదస్తురాలిని. నాలుక పళ్లమధ్య పెట్టుకుని, ఎడమ చేత్తో తన పేరు ఒక్కొక్క అక్షరమే రాసింది. అయ్యేసరికి నుదుటిమీద చెమట పట్టింది. నేను గుర్తింపు కార్డు మీది పాత సంతకంతో పోల్చి చూసి, కలవట్లేదండీ, చెయ్యి మారిందని డాక్టరు రాసివ్వాలి, పదకొండో నియమం అన్నాను.

అతను ఆవిడని మళ్లీ ఎత్తుకుని మెట్లు దిగాడు.

నాలుగోసారి డాక్టరు కాగితంతో వచ్చాడు. సంతకం ఉంది, ముద్ర ఉంది, తేదీ ఉంది. ఇంక అడగడానికేమీ లేదు. అయినా తొందరపడలేదు నేను, ఫారం మొదటి పేజీ మీద వేలు పెట్టాను. "ఫారానికి ముప్పై రోజులే గడువండీ. ఇవాళ్టికి ముప్పై మూడు. కొత్త ఫారం నింపి, ఆవిడతో మళ్లీ సంతకం పెట్టించాలి."

ఎనిమిదో నియమం కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. కారణం రాసి గుమాస్తా సంతకం చేస్తే గడువు ఇంకో పదిహేను రోజులు పెరుగుతుంది. ఆ వాక్యం అతనికి చదివి వినిపించలేదు. తిట్టాడా, గొంతు పెంచాడా, సూపరింటెండెంటు గదివైపు చూశాడా? ఏమీ లేదు. నియమం నియమమే కదమ్మా అని కొత్త ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"మీ నాన్నగారు ఎలా ఉన్నారమ్మా?"

"మీ దయవల్ల మంచం మీదే ఉన్నారండీ," అన్నాను.

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. పాత ఫారం, ఫోటో, డాక్టరు కాగితం నా సొరుగులోనే ఉండిపోయాయి. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ పాట కూడా పాడుకున్నాను.

తర్వాతి సోమవారం అతను రాలేదు. సీజను ముగియడానికి ఇంక పదిహేను రోజులు. నియమాలు తెలిసిన మనిషి కూడా ఇంట్లో భార్య కళ్లు చూస్తూ ఎంతకాలం ఆగుతాడు? నాకు అనుమానమొచ్చి సెలవు పెట్టి, చుట్టుదారిన రెల్లు పొదల వైపు వెళ్లాను. అక్కడే ఉన్నారు.

చక్రాలకింద రాళ్లు పెట్టాడు కుర్చీ దొర్లకుండా. కర్ర మొదలుని తువాలుతో కుర్చీ చేతికి కట్టాడు. దానిమీద ఆవిడ ఎడమ చెయ్యి. అతను పక్కన మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు, లైసెన్సు అతని మెడలో వేలాడుతోంది. పంతొమ్మిదో నియమం ప్రకారం కర్ర ఎవరి చేతిలో ఉంటే లైసెన్సు వాళ్ల పేరు మీదే ఉండాలి. నేను ఫోను తీశాను.

ఆరు ఫోటోలు తీశాను. ఏడోది తీయబోతుంటే బెండు మునిగింది. ఆవిడ పెద్దగా అరిచింది, మాట కాదు అది, ఉత్త సంతోషం. ఇద్దరూ కలిసి లాగారు. అతను చేపని తడిచేత్తో పట్టుకుని స్కేలు పెట్టి ఆవిడకి చూపించాడు. సరిపోలేదు కాబోలు. ఆవిడ మూతి ముడిచింది, అతను నవ్వాడు. అతను నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. చేపని నీళ్లలోకి జారవిడిచాడు. ఆ ఫోటో నేను తీయలేదు. నాకు కావాల్సింది అది కాదు. నా కోపం అప్పుడైనా తగ్గిందా అంటే తగ్గిందని చెప్పడం అబద్ధమవుతుంది.

ఆ సాయంత్రమే ఫోటోలు జతచేసి ఫిర్యాదు పెట్టాను, విచారణ మూడు రోజుల్లో తేలిపోయింది. సూపరింటెండెంటు గారు ఫోటోలు బల్లమీద పరిచి ఏమంటావని అడిగారు. నేను ఫైలు పట్టుకుని మూల నిలబడి ఉన్నాను. నన్ను నాలుగుసార్లు తిప్పారని ఒక్క మాట అంటాడేమోనని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. అతను ఫోటోలు చూసి, నిజమేనండీ అన్నాడు. అంతే. చొక్కాకున్న బ్యాడ్జి తనే విప్పి బల్లమీద పెట్టాడు. గట్టు మీది పనిలోంచి తీసేసి, ఇక గట్టు మీద కాలు పెట్టొద్దని వలల గోదాముకి పంపారు. లైసెన్సు ఏడాది రద్దు. గాజుపెట్టెలో కాగితం. దాన్ని నాన్న కాగితం పక్కనే అంటించి, వంకర లేకుండా రెండుసార్లు సరిచేశాను.

నీలాంటివాళ్లుండాలమ్మా అన్నారు సూపరింటెండెంటు గారు. నా పర్మనెంటు ఆర్డరు రేపు సంతకం పెట్టేస్తానన్నారు.

దారిలో మిఠాయి కొనుక్కుని, దాదాపు పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్లాను. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాను. నాన్న లేచి కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో ఆయన అంత శ్రద్ధగా నా మాట వినడం అదే మొదలు కాబట్టి ఇంకా రెచ్చిపోయి, మెట్లమీద ఎత్తుకురావడం, ఎడమచేతి సంతకం, ముప్పై మూడో రోజు, ఏదీ వదలకుండా చెప్పాను. చెప్పడం అయిపోయింది. నాన్న మిఠాయి ముట్టుకోలేదు.

స్టూలు వేసుకుని బీరువా మీంచి ఆ చెక్క దించాడు. తువాలు విప్పి నా ఒళ్లో పెట్టాడు. టేపు తెచ్చి కొలవమన్నాడు. అడ్డచెక్క దగ్గర్నుంచి ఎర్రగీత దాకా కొలిచాను. ఇరవై ఎనిమిదిన్నర వచ్చింది. టేపు సరిగ్గా పట్టుకోలేదేమోనని మళ్లీ కొలిచాను.

"మేకులు చూడు," అన్నాడు.

నాన్న వాడేవి సన్నతల మేకులు, చెక్కలోకి దిగితే కనపడవు. ఇవి వెడల్పు తలవి. కిటికీ పరదాల కోసం నేను కొన్న పొట్లంలోవి.

అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు దులిపిన రోజు చెక్క నా చేతిలోంచి జారి నేలమీద పడింది. అడ్డచెక్క ఊడి, పలక చివర పగిలింది. నాన్న నిద్రపోతున్నాడు. లేస్తే కేకలేస్తాడని, పగిలినచోట మేకు నిలవట్లేదని, ఒక వేలి వెడల్పు లోపలికి జరిపి గట్టి చెక్కలో కొట్టాను. పగిలిన అంచు కనపడకుండా గరుకు కాగితంతో రుద్దాను. పని నీటుగా వచ్చిందని నన్ను నేనే మెచ్చుకున్నాను. సాయంత్రానికి మర్చిపోయాను.

"చెక్క తిరగేయగానే కనిపెట్టాడతను," అన్నాడు నాన్న. "ఈ అడ్డచెక్క ఎవరు బిగించారని అడిగాడు. నేనే అన్నాను. ఇది మీ పనితనంలా లేదు, మేకులు కొత్తవి, ఆలోచించుకుని చెప్పండి అన్నాడు. నేనే బాబూ అన్నాను. అప్పుడు తలెత్తి నిన్ను చూశాడు. ఇంకేం అడగలేదే అమ్మడూ. రాసుకున్నాడు."

పద్నాలుగో నియమం నాకు కంఠతా వచ్చు. నాన్న నిజం చెప్పి ఉంటే ఆయనకి ఒక హెచ్చరిక, నా ఉద్యోగం హుష్‌కాకి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. నా కౌంటరు ముందు నాలుగుసార్లు నిలబడినవాడికీ తెలుసు. మీ నాన్నగారు ఎలా ఉన్నారమ్మా అని అడిగినవాడు ఒక్కమాట విసిరితే నా నోరు మూతపడేది. విసరలేదు.

"నాలుగుసార్లు తిప్పావా?" అన్నాడు నాన్న.

"నాలుగుసార్లు."

తిట్టినా బావుండేది. పడుకోకుండా చెక్క పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు. పళ్లు నూరడానికి అలవాటుపడ్డ మనిషిని కదా, ఆ పగ ఎక్కడికీ పోలేదు. కొలబద్ద మీంచి లేచి వచ్చి నామీద కూర్చుంది. ఎంత వెతికినా దొరకని తప్పు ఇన్నాళ్లకి దొరికింది, అదీ మా ఇంట్లోనే.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసు తెరిచాను. సొరుగులోంచి ఆవిడ ఫారం తీసి రోజులు చూశాను. నలభై నాలుగు. ఎనిమిదో నియమం ప్రకారం ఇంకొక్క రోజు మిగిలి ఉంది. పంతొమ్మిదో నియమం కింద శిక్ష లైసెన్సు ఉన్నవాడికే గానీ కర్ర పట్టుకున్నావిడకి కాదు, అదీ చూసుకున్నాను. గడువు పెంపు కారణం అన్నచోట, గుమాస్తా కావాలని చేసిన ఆలస్యం అని రాసి సంతకం పెట్టాను. ఫోటో అంటించాను. రెండు స్టాంపులూ వేశాను. సిరా ఆరేదాకా ఊదాను.

తలెత్తితే అద్దం అవతల నాన్న. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అయిదు నెలలకి దగ్గరపడుతుండగా వీధిలోకి రావడం ఇదే మొదలు. కన్నంలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు.

"ఇటివ్వు. వాళ్లింటికెళ్లి నేనిచ్చొస్తాను. సీజను ఇంకా పదకొండు రోజులుంది కదా."

ఇచ్చాను. కుర్చీ తొయ్యడానికి మనిషి కావాలి కదా, గట్టు మీదికి అతను రాకూడదు అన్నాడు నాన్న, తనలో తనే అనుకున్నట్టు. నా బల్లమీదున్న కొలచెక్క అప్పుడు చూశాడు. పొద్దున ఆయన స్నానానికి వెళ్లినప్పుడు తెచ్చేశాను. అదెందుకని అడుగుతాడనుకున్నాను. కాసేపు చూసి, "మేకులు పీకకు. ఉన్నదున్నట్టు చూపించు," అని మెట్లు దిగాడు. గాజుపెట్టె ముందునుంచే వెళ్లాడు, తల తిప్పలేదు, వంచనూ లేదు.

ఆ పెట్టెలోంచి నాన్న కాగితం తీయించే దారి నాకు తెలుసు. కొలబద్ద కాగితం తీయించే దారి మాత్రం లేదు. అరవై రెండు నియమాలూ రెండుసార్లు తిరగేశాను. అతను చేసింది తప్పే, చేయించింది నేనే అని రాసుకోడానికి మా పుస్తకంలో ఎక్కడా చోటు లేదు.

సూపరింటెండెంటు గారు పది గంటలకి వచ్చి నన్ను పిలిచారు. నా ఆర్డరు బల్లమీద ఉంది, పెన్ను మూత తీసి ఉంది. నేను ఫిర్యాదు ఫారం దాని మీద పెట్టాను, ఫారం మీద చెక్క పెట్టాను. మళ్లీ ఎవరిమీదమ్మా అని నవ్వుతూ ఫారం లాక్కున్నారు. చదువుతూ చదువుతూ నవ్వు మానేశారు. చెక్క తిరగేసి, మేకుల మీద వేలు పెట్టి, నావైపు చూశారు. ఆయన మంచివారు. నాకు రెండో అవకాశం ఇద్దామనే చూశారు.

"తొందరపడకు, ఆలోచించుకుని చెప్పు. ఈ అడ్డచెక్క ఎవరు బిగించారు?"

"నేనే," అన్నాను.